గది నంబరు ముందు, దాత పేరు తర్వాత

మన సత్రానికి కంప్యూటరు ప్రోగ్రాము రాసిచ్చిన టైపు టీచరమ్మ పోయిన నెల ఆఖరి శుక్రవారం ఉదయం చనిపోయింది. ఆ కబురు సత్రం ఫోనుకు వచ్చింది. ఎత్తింది కౌంటరులో కూర్చునే మా అమ్మాయి. విని, సరేనండీ అని పెట్టేసి, ఎదురుగా నిలబడి ఉన్న యాత్రికులకు గది రాసి, తాళంచెవి చేతిలో పెట్టి పంపించి, ఆ తర్వాత నాకు ఫోను చేసింది. "నాయనా, టీచరమ్మ ఇంక లేదంట" అని మాత్రం అంది.

మన సంఘం పత్రిక పోయిన సంచికలో ఆ విషయం రెండు వరుసల్లో వేశారు. "సత్రం కంప్యూటరు సర్వీసు చేసిన మహిళ మృతి" అని. సర్వీసు చేయడమంటే దుమ్ము తుడిచి వైర్లు బిగించడం. ఆమె చేసింది అది కాదు. ఆ ప్రోగ్రాము మొత్తం ఆమె రాసింది. ఈ కోపం నాకు ఇప్పటిది కాదు, ఆరేండ్లుగా కడుపులో ఉంది. కంప్యూటరు ప్రారంభోత్సవం నాడు వేదిక మీద అయిదుగురికి శాలువాలు కప్పారు. రిబ్బను కత్తిరించినాయనకు ఒకటి, కంప్యూటరు కొనిచ్చినాయనకు ఒకటి, దానికింద బల్ల చేయించినాయనకు కూడా ఒకటి. ఆమె అప్పుడు గోడ దగ్గర వంగి ప్లగ్గు సరిచేస్తూ ఉంది. రామ్మా అని పిలిచినవాడు లేడు. ఆమెకు ఆ పట్టింపు లేదు, నాకుంది. ఎందుకు పిలవలేదని మూడు సర్వసభ్య సమావేశాల్లో లేచి అడిగాను. మూడుసార్లూ కూర్చోమన్నారు.

నేనెవరో కొత్త సభ్యులకు తెలియకపోవచ్చు. మాది వడమాలపేట దగ్గర పల్లె. ముప్పై యేండ్లు తిరుపతిలో ఈ సత్రం తాళాలు చూసుకునే బీగాల మనిషిగా పనిచేశాను. అయిదో తరగతిలో బడి మానేశాను. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పది రోజులు పట్టింది. సంపాదకుడుగారు తప్పులు దిద్దవచ్చు గాని మాటలు మార్చకూడదు.

మా అమ్మాయికి పుట్టుకతో చూపు లేదు. అంధుల బడిలో చదివి, డిగ్రీ పూర్తిచేసి, సత్రం కౌంటరులో ఉద్యోగం తెచ్చుకుంది. నేను తెచ్చిపెట్టలేదు, పరీక్ష పెడితే నెగ్గింది. ఇప్పుడు మన కార్యదర్శిగారు చెన్నై కంపెనీ దగ్గర కొత్త ప్రోగ్రాము చేయిస్తున్నారు. అది వస్తే మా అమ్మాయి ఆ కుర్చీలో ఉంటుందా లేదా అన్నది ఈరోజు మా ఇంట్లో ప్రశ్న. అందుకే టీచరమ్మ ఏం చేసిందో అందరికీ తెలియాలి. తెలియకపోతే ఆమె చేసింది మీరు తెలియకుండానే తీసి పారేస్తారు.

కంప్యూటరు రాకముందు కౌంటరు వెనక గోడకు ఒక చెక్క పలక ఉండేది. నాలుగు అంతస్తులకు నాలుగు వరుసలు, వరుసకు పదహారు కొక్కేలు. కొక్కేనికి తాళంచెవి ఉంటే గది ఖాళీ, లేకుంటే మనుషులున్నారని లెక్క. మా అమ్మాయి చేయి పలక మీద ఒకసారి అటునుంచి ఇటు పోతే చాలు, సత్రమంతా ఆమెకు తెలిసిపోయేది. మేనేజరు రిజిస్టరు తిప్పేలోపల ఆమె తాళంచెవి తీసి ఇచ్చేది.

కంప్యూటరు వచ్చాక ఆ లెక్క తప్పింది. ఫోనులో ముందుగా చెప్పుకున్నవాళ్ళ గదికి తెరమీద గీసిన గడి ఎర్రగా మారుతుంది, వాళ్ళు వచ్చేదాకా తాళంచెవి మాత్రం కొక్కేనికే ఉంటుంది. మా అమ్మాయి చేతికి తాళంచెవి తగిలింది, ఇచ్చేసింది. సాయంత్రం ఆ గది చెప్పుకున్న పెండ్లివాళ్ళు మదనపల్లె నుంచి బస్సు నిండా దిగారు. వాళ్ళ గదిలో వేరేవాళ్ళు తడిగుడ్డలు ఆరేసుకుని ఉన్నారు. గొడవ గేటు దాకా వచ్చింది. మరుసటి రోజు మేనేజరు మా అమ్మాయిని కౌంటరు నుంచి లేపి పూజగదిలో తీర్థం ఇచ్చే చోట కూర్చోబెట్టాడు.

తీర్థం ఇవ్వడం చిన్న పని అని నేను అనను. కానీ దానికి డిగ్రీ అక్కర్లేదు.

నేను నేరుగా టీచరమ్మ ఇన్‌స్టిట్యూటుకు పోయాను. బస్టాండు వెనక వీధిలో ఒక మేడమీద, పన్నెండు టైపు మిషన్లు, మూడు కంప్యూటర్లు. నేను పోయేసరికి ఆమె ఒకమ్మాయి చేతుల మీద అట్టపెట్టె బోర్లించి, లోపల మీటలు కనపడకుండా టైపు కొట్టిస్తూ ఉంది. సన్నటి మనిషి, యాభై దగ్గర వయసు, చెవి వెనక పెన్సిలు.

"ఏమ్మా, మా సత్రానికి గళ్ళు గీసిచ్చింది నువ్వేనా?" అన్నాను.

"నేనేన్నా. కూర్చో."

"కూర్చునేకి రాలేదు. నీ గళ్ళు నా కూతురి కూడు తీస్తా ఉండాయి."

"ఏ గడి తప్పుగా ఉండాది?"

"ఒక్కటీ తప్పు లేదు. సూసేవాళ్ళకి శానా బాగుండాయి. సూపు లేని మనిషి ఏం జేయల్ల?"

ఆమె చెవి వెనక పెన్సిలు తీసి చేతిలో పట్టుకుంది. "కౌంటర్లో సూపు లేని మనిషి ఉండాదని నాకెవురూ చెప్పలేదన్నా" అంది.

"నువ్వు అడిగినావా?"

"అడగలేదు. అడగాల్సింది. తప్పు నాదే."

నేను ఇంకా పది మాటలు దారిలో కూర్చుకుని పోయాను. అవి నోట్లోనే ఉండిపోయాయి. తప్పు నాదే అనేవాళ్ళతో పోట్లాడడం నాకు అలవాటు లేదు, ఎందుకంటే నేను ఎప్పుడూ అలా అని ఎరగను. ఆమె సంచిలోంచి నిమ్మకాయ తీసి, కోసి, గ్లాసులో పిండి, ఉప్పు వేసి నాకిచ్చింది. ఆమె పుట్టిల్లు నిమ్మతోటల గూడూరు. ఆ సంచిలో నిమ్మకాయలు లేకుండా ఆమెను నేను చూడలేదు. ఎవరు కోపంగా వచ్చినా ముందు అదే ఇచ్చేది.

మరుసటి రోజు మధ్యాహ్నం ఒంటిగంటకు సత్రానికి వచ్చింది. ఇన్‌స్టిట్యూటులో పిల్లలుండని వేళ అది. ఆ రోజు మొదలు రెండు నెలలు ఒంటిగంట నుంచి నాలుగు దాకా మన కౌంటరులోనే ఉంది.

అంధుల బడి స్నేహితులు మా అమ్మాయికి తెరమీద ఉన్నది చదివి వినిపించే సాఫ్టువేరు ఒకటి ఇచ్చారు. అప్పట్లో అది ఉచితంగా వాడుకునే రకం. నలభై నిమిషాలకు ఆగిపోయేది, కంప్యూటరు ఆపి మళ్ళీ పెడితే గాని పలికేది కాదు. పలికేది కూడా ఇంగ్లీషు గొంతు. తరువాత ఒక దాత అసలుది కొనిచ్చారు, ఆయనకు దండం. టీచరమ్మ చేసిన మొదటి పని మానిటరు వైరు పీకడం. మానిటరును కింద పెట్టి, గోడ వైపు తిప్పేసింది.

"ఇప్పుడు నాకొక గది ఇయ్యమ్మా" అంది మా అమ్మాయితో.

మా అమ్మాయి మీట నొక్కింది. యంత్రం "గ్రాఫిక్" అంది. ఇంకోటి నొక్కింది. "గ్రాఫిక్" అంది. ఆ తర్వాత "బటన్" అంది. ఏం బటనో చెప్పలేదు. ఇంకోటి నొక్కితే ప్రోగ్రామే మూసుకుపోయింది.

"అక్కా, మీ ప్రోగ్రాములో నాకు దొరికేది బయటికి పొయ్యే దారొకటే" అంది మా అమ్మాయి.

టీచరమ్మ నవ్వలేదు. తలకాయ చేత్తో పట్టుకుని కూర్చుంది. అప్పుడు నాకు అర్థమయ్యేలా చెప్పింది. "అన్నా, అరవై నాలుగు గళ్ళూ నేను ఒకే పెద్ద బొమ్మగా గీసేసినాను. కంటికి అరవై నాలుగు గదులు. ఈ చదివే సాఫ్టువేరుకు మాత్రం అదంతా ఒక్క బొమ్మే. దాంట్లో గదులుండాయని, వాటికి నంబర్లుండాయని దానికెవురు చెప్పినారు? బటన్ల మీద కూడా బొమ్మలే పెట్టినా, పేర్లు పెట్టలేదు. అందంగా ఉంటాదనుకున్నా."

ఆమె పనిచేసే తీరు నాకు నచ్చింది. పేర్లు లేని బటన్లన్నిటికీ పేర్లు పెట్టింది. యాత్రికుడి పేరు రాశాక టాబు మీట నొక్కితే ఫోను నంబరు దగ్గరికి పోవలసింది ఎక్కడికో దూకేది, దాన్ని వరుసలో పెట్టింది. గది ఇవ్వడం కుదరకపోతే తెర అడుగున ఎర్ర అక్షరాలు వచ్చేవి. కళ్ళున్నవాళ్ళకు కనపడేవి, మా అమ్మాయికి మాత్రం గది ఇచ్చామో లేదో తెలిసేది కాదు. వాటిని తీసేసి, పని ఆపి గట్టిగా చెప్పే చిన్న పెట్టె తెరమీద పెట్టింది. ఒక్కొక్కటి చేశాక మానిటరు పెట్టుకోకుండానే తానే మీటలు నొక్కుతూ కళ్ళు మూసుకుని వినేది. మేనేజరు వచ్చి "ఒకసారి సూడమ్మా, రంగు బాగుండాదా" అంటే, "సూసే పని మీది సార్. నేను వింటా ఉండాను" అనేది.

గదులు పలకడం మొదలైన రోజు అందరమూ కౌంటరు చుట్టూ చేరాము. మా అమ్మాయి మీట నొక్కింది. యంత్రం "గ్రీన్" అంది. ఇంకోటి నొక్కింది. "రెడ్". ఇంకోటి. "ఎల్లో".

"గ్రీన్ అంటే ఏందక్కా?" అంది మా అమ్మాయి.

"ఖాళీ."

"ఎల్లో?"

"కడగాల్సింది."

"అయితే ఖాళీ అని చెప్పమను, కడగల్ల అని చెప్పమను. రంగులతో నేనేం జేసుకునేది, చీరలు కొంటా ఉండానా?"

ఆ రోజు అందరికంటే ఎక్కువ నవ్వింది టీచరమ్మే. కంప్యూటరు వచ్చినప్పటి నుంచి సత్రంలో అందరమూ పచ్చగది, ఎర్రగది అనే మాట్లాడుతున్నాము. ఆమె చెవిలో కూడా అదే పడిపోయింది.

తరువాత ఒక మధ్యాహ్నం మా అమ్మాయి పాత పలక మీద చేయి పెట్టి తాళంచెవులు సర్దుతూ ఉంది. టీచరమ్మ చూసి లేచి వచ్చి, తానూ కళ్ళు మూసుకుని పలక మీద చేయి పెట్టింది. పక్కకు జరిపితే పక్కగది, కిందికి జరిపితే తర్వాతి అంతస్తు. అలా మూడు నాలుగు సార్లు చేసింది. ఏమీ మాట్లాడకుండా పోయి కూర్చుని వారం రోజులు రాసింది. ఆ పైన బాణం మీట పక్కకు నొక్కితే పక్కగది, కిందికి నొక్కితే తర్వాతి అంతస్తు పలకడం మొదలైంది. మా అమ్మాయికి నేర్పించే పని కూడా లేకపోయింది. ఆమె చేతికి అప్పటికే తెలిసిన దారి అది.

ఇక్కడిదాకా టీచరమ్మ తప్పులు చెప్పాను. ఇప్పుడు నాది చెప్పాలి.

మన సత్రంలో ప్రతి గది గుమ్మం మీద దాత పేరు చెక్కిన రాయి ఉంది. తాళంచెవి ఇచ్చేటప్పుడు దాత పేరు ముందు చెప్పి, నంబరు తర్వాత చెప్పడం పెద్దలు పెట్టిన పద్ధతి. దాతల ఇంటివాళ్ళు వచ్చినా "ఇరవై రెండు ఇవ్వండి" అనరు, "మా తాత గది ఇవ్వండి" అంటారు. నేను అక్షరాలు కూడబలుక్కునే మనిషినైనా అరవై నాలుగు పేర్లూ బిరుదులతో సహా నోటికి చెప్తాను. ఒక్క పేరు తప్పానని ముప్పై యేండ్లలో ఎవరూ అనలేదు.

గది మీదికి పోగానే ఏం పలకాలన్నా అని టీచరమ్మ నన్ను అడిగింది. ఈసారి అడిగింది సుమా. నేను కుర్చీ వేసుకుని నాలుగు రోజులు చెప్పాను. కీర్తిశేషులు అనేదగ్గర నుంచి, ఎవరి జ్ఞాపకార్థం, ఎవరి కుమారులు, ఏ ఊరు, అంతా. చివర నంబరు, ఆ తర్వాత ఖాళీనా కాదా. ఆమె మధ్యలో ఒకసారి "అన్నా, మొత్తమూ కావల్లనా?" అని అడిగింది. "ఒక్క అక్షరం తగ్గినా ఒప్పుకోను" అన్నాను. ఆమె నేను చెప్పింది చెప్పినట్టు రాసింది.

ముక్కోటి ఏకాదశికి ముందురోజు మా అమ్మాయిని మళ్ళీ కౌంటరులో కూర్చోబెట్టారు. వరుస గేటు దాటి వీధిలోకి పోయింది. ఆమె మీట నొక్కుతుంది, ఇంగ్లీషు గొంతు మన పెద్దల పేర్లను ముక్కలు ముక్కలుగా నములుతూ చదువుతుంది, అంతా అయ్యాక చివరికి ఖాళీ లేదని చెప్తుంది. ఇంకో గది. మళ్ళీ కీర్తిశేషులు. వరుసలో ఒకాయన, "ఏమ్మా, గదిస్తావా, మా చేత తద్దినం పెట్టిస్తావా?" అన్నాడు. గంటలోపల మేనేజరు ఆమెను లేపి తానే కూర్చున్నాడు. ఆదివారం కమిటీలో దీన్ని తేల్చేస్తామన్నాడు.

ఆ సాయంత్రం మా అమ్మాయి నాతో అంది. "నాయనా, ఎవురో నన్ను లేపలేదు. నువ్వు చెప్పిన పేర్లే లేపినాయి."

టీచరమ్మ మాత్రం నన్ను తప్పుపట్టలేదు. "ముందు నంబరు, తర్వాత ఖాళీనా కాదా, చివరగా పేరన్నా. చాలనుకుంటే ఆ పాప తర్వాతి మీట నొక్కుతాది, మిగతాది ఆగిపోతాది. వినాలనుకునేవాళ్ళు ఆగి వింటారు. అందరినీ ఆపి వినిపించకూడదు" అంది. నాకు మింగుడు పడలేదు. మూడు రోజులు ఆమెతో మాట్లాడలేదు. మూడోనాడు ఆమె కౌంటరు దగ్గర నాకు నిమ్మకాయ నీళ్ళ గ్లాసు పెట్టి పోయింది. తాగాను.

ఆదివారం కమిటీ కూర్చుంది. అప్పటి అధ్యక్షుడుగారు కార్వేటినగరం పెద్దాయన. ఇరవై రెండో గది ఆయన తాతగారు కట్టించింది. ఆ తాతగారి పేరు వెనక్కి పోతుందని ముందే ఎవరో చెవిలో వేశారు.

"ఏమ్మా, మా తాత పేరు అడుగుకు తోసేసినావంట?" అన్నాడు.

"తోసెయ్యలేదయ్యా. నంబరుకు వెనక పెట్టినాను."

"రెండూ ఒకటే. పైగా మీట నొక్కితే సగంలో ఆగిపోతాదంట గదా. పెద్దోళ్ళ పేరు సగానికి నరుకుతారా?"

టీచరమ్మ కౌంటరులోంచి లేచి కుర్చీ ఆయన వైపు జరిపింది. "మీరు కూర్చోండయ్యా. పాత పద్ధతే పెడతా, పేర్లు ముందు. మానిటరు ఉండదు. మీ తాతగారి గది ఖాళీగా ఉండాదో లేదో కనుక్కోండి. కనుక్కుంటే పేరు ముందే ఉంచేస్తా, నేను మళ్ళీ ఈ గడప తొక్కను."

ఆయన పట్టుదల మనిషి. కనుక్కునేదాకా లేవడనుకున్నాను. ఆయన లేవకుంటే మా అమ్మాయి లేవాలి.

పెద్దాయన కూర్చున్నాడు. బాణం మీట నొక్కాడు. ఒక పేరు. ఇంకోటి. చేతులు కట్టుకుని విన్నాడు. ఆరు గదులయ్యాక కండువాతో మొహం తుడుచుకున్నాడు. తొమ్మిదో గది మధ్యలో ఫోను మోగింది. మా అమ్మాయి ఎత్తి, "ఒక్క నిమిషం ఆగండి, అధ్యక్షులవారు గది వెతుకుతా ఉండారు" అంది. నవ్విన వాళ్ళ వైపు ఆయన ఒకసారి చూశాడు.

"ఇంకా ఎన్ని ఉండాయి మా గదికి?" అన్నాడు.

"పదమూడయ్యా" అన్నాను.

ఆయన ఇంకో రెండు నొక్కాడు. పదకొండో గదికి మీట మీద నుంచి చేయి తీసేశాడు. "నువ్వు మార్చింది పెట్టు" అన్నాడు.

టీచరమ్మ పెట్టింది. మొదటి గది నుంచి కింది వరుసకు ఒకసారి, పక్కకు అయిదు సార్లు నొక్కమంది. గది గదికీ నంబరు, ఖాళీ, నంబరు, ఉన్నారు, అంటూ చకచకా పోయింది. ఇరవై రెండు. ఖాళీ. అక్కడ ఆయన ఏమీ నొక్కకుండా ఆగాడు. అప్పుడు ఆయన తాతగారి పేరు వచ్చింది, ఊరి పేరుతో సహా, మొత్తం. ఆ ఇంగ్లీషు గొంతులో వంకరగానే వచ్చింది. పెద్దాయన కదలకుండా చివరిదాకా విన్నాడు. అయిపోయాక ఒక గది వెనక్కి పోయి, మళ్ళీ ఇరవై రెండుకు వచ్చి, రెండోసారి కూడా విన్నాడు.

"నంబరు ముందే చెప్పనీలే" అని లేచాడు. గడప దాటేముందు నన్ను చూసి, "ఏమప్పా, ఈ బారెడు పేర్లన్నీ చెప్పింది నువ్వేనంట గదా" అన్నాడు.

"నేనేనయ్యా" అన్నాను. "తప్పు నాదే" అని కూడా అన్నాను. ఆ మాట నా నోట్లోంచి వచ్చింది. అరవై రెండేండ్లకు మొదటిసారి.

ఆ తర్వాత ఆరేండ్లు మా అమ్మాయి ఆ కుర్చీలో ఉంది. ముక్కోటి నాడు వరుస గేటు దాటలేదు. ఆమె తప్పు గది ఇచ్చిందని ఒక్క ఫిర్యాదు రాలేదు, కావాలంటే ఫిర్యాదుల పుస్తకం తీసి చూడండి. టీచరమ్మ పిలవకపోయినా నెలకొకసారి వచ్చేది. వచ్చి, "ఏమన్నా మార్చినారా?" అని అడిగేది. ఒకసారి మేనేజరు ఎవరి చేతనో తెరమీద ముగ్గులాంటి బొమ్మ పెట్టించాడు. దానితో మా అమ్మాయి రెండు మీటలు ఎక్కువ నొక్కాల్సి వచ్చింది. టీచరమ్మ దాన్ని తీయించేదాకా నిమ్మకాయ నీళ్ళు ముట్టలేదు. "రెండే గదమ్మా" అన్నాడు మేనేజరు. "రోజుకు రెండొందల మందికి రెండేసి, సార్. మీ వేళ్ళతో నొక్కి సూడండి" అంది.

పోయేముందు ఏడాదిగా ఆమెకు ఒంట్లో బాగుండలేదని మాకు తెలుసు. ఏం జబ్బో ఆమె చెప్పలేదు, మేము గుచ్చి గుచ్చి అడగలేదు. పోయిన చైత్రంలో ఒకరోజు నేను సత్రానికి పోతే, యాత్రికులు కూర్చునే బల్ల చివరన ఒక మనిషి తలకు గుడ్డ చుట్టుకుని కూర్చుని ఉంది. దగ్గరికి పోయాక గాని గుర్తుపట్టలేదు. కళ్ళు మూసుకుని ఉంది. నేను పలకరించబోతే వేలు పెదాల మీద పెట్టింది. కౌంటరులో మా అమ్మాయి ఎవరితోనో మాట్లాడుతూ ఉంది. "రెండో అంతస్తు, గాలి బాగా వస్తాది, పెద్దామెకి మెట్లు కష్టమంటే కింద కూడా ఒకటుండాది, ఏది కావల్లో మీరే చెప్పండి" అంటోంది. యంత్రం గొంతు తక్కువగా, మా అమ్మాయి గొంతు ఎక్కువగా వినిపిస్తోంది. టీచరమ్మ అలా ఒక గంట కూర్చుంది. లేచేటప్పుడు నా చేయి పట్టుకుని లేచింది.

"లోపలికి రామ్మా, పాప సంతోషపడతాది" అన్నాను.

"పనిలో ఉండాది గదన్నా. ఆపకూడదు" అంది. సంచిలోంచి ఒక పొడుగాటి నోటుబుక్కు తీసి నాకిచ్చింది. "ప్రోగ్రాములు ఎప్పుడూ ఒకటే ఉండవు. రేపు వేరేవాళ్ళు కొత్తది రాస్తారు. ఏది ముందు పలకల్ల, ఏ మీట ఏం చెయ్యల్ల, మనం ఏమేం తప్పులు చేసినాం, అన్నీ దీంట్లో రాసినా. వాళ్ళకియ్యి. అడక్కపోయినా ఇయ్యి." ఆటో ఎక్కేదాకా నిలబడ్డాను. అదే ఆఖరిసారి నేను ఆమెను చూడడం.

నేను ఏడుపు మనిషిని కాదు. ఆమె వల్ల మా ఇంట్లో ఆరేండ్లు తృప్తిగా జరిగింది, ఆ తృప్తితోనే ఇది రాస్తున్నాను. మా అమ్మాయి జీతం తెస్తుందని కాదు. సాయంత్రం ఇంటికొచ్చి కాళ్ళు కడుక్కుంటూ, ఈరోజు ఎవరెవరు వచ్చారో, ఎవర్ని ఎలా సర్దిందో చెప్తుంది. ఆ మాటలు వింటూ అన్నం తినడం నాకు అలవాటైపోయింది.

ఇప్పుడు కార్యదర్శిగారికి, కమిటీ సభ్యులకు నేను అడిగేది ఒకటే. పోయిన వారం చెన్నై వాళ్ళు కొత్త ప్రోగ్రాము తెచ్చి చూపించారు. మా అమ్మాయి తన చదివి వినిపించే సాఫ్టువేరు పెట్టుకుని కూర్చుంటే ఒక్క గది కూడా పలకలేదు. ఆ కంపెనీ వాళ్ళు మంచివాళ్ళే, "ఈ విషయం మాకెవరూ చెప్పలేదు" అన్నారు. నోటుబుక్కు ఇస్తే తీసుకుంటామన్నారు, చేయడానికి నెల పడుతుందన్నారు. కార్యదర్శిగారే, అంత వ్యవధి లేదు, ముక్కోటికి కొత్తది పెట్టాలి, అమ్మాయికి తీర్థం దగ్గర చోటు ఇస్తాం అన్నారు. ముక్కోటి ఇంకో యేడు కూడా వస్తుంది. పాత ప్రోగ్రాము ఈ ముక్కోటికి కూడా బాగానే పనిచేస్తుంది.

నోటుబుక్కు నా దగ్గర సిద్ధంగా ఉంది. చెన్నై వాళ్ళకు నెల గడువు ఇస్తారా? ఇచ్చాక, మానిటరు వైరు పీకేసి, మా అమ్మాయి ఆ కొత్త ప్రోగ్రాములో మూడు గదులు మూడు కుటుంబాలకు ఇచ్చిన తర్వాతనే పాతది తీస్తామని ఒప్పుకుంటారా? మీలో ఎవరో ఒకరు పక్కన నిలబడి చూడండి, నాకు అభ్యంతరం లేదు. అవును అంటారో కాదు అంటారో మీ ఇష్టం, కానీ నోటిమాటగా వద్దు. డిసెంబరు పదో తేదీ సాయంత్రం అయిదు గంటల లోపల, కార్యదర్శిగారి సంతకంతో, కాగితం మీద జవాబు ఇవ్వండి. కాగితం నాకు కాదు, కౌంటరులో మా అమ్మాయి చేతికి ఇచ్చి, అందులో ఏముందో మీరే ఆమెకు చదివి వినిపించండి.